80,000 గంటలు ఎవరు చూశారు?

మీ ప్రశ్న – నా జవాబు

నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ల గురించి కిందటి సంచికలో రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. అడిగిన తీరు వేరైనా సగానికి పైగా ఉత్తరాల్లో ఉన్న సందేహం ఒకటే: ఇవి ఎంతకాలం పనిచేస్తాయి, ఆ సంగతి ముందుగా ఎలా తెలుస్తుంది? నా ఉద్యోగమే అది. నీటిని విడగొట్టే సెల్స్‌ను (వీటిని వరసగా పేరిస్తే స్టాక్) టెస్ట్ బెంచ్ మీద పెట్టి నెలల తరబడి నడపడం, అవి ఎలా పాడవుతున్నాయో చూడటం. అందుకని ఈసారి ప్రశ్నలన్నీ దాని మీదవే ఎంచుకున్నాను.

ప్రశ్న: ఒక కంపెనీ బ్రోషర్‌లో "స్టాక్ ఆయుష్షు 80,000 గంటలు" అని ఉంది. లెక్కేస్తే తొమ్మిదేళ్లు దాటుతోంది. ఆ కంపెనీ పుట్టి నాలుగేళ్లు, ఆ మోడల్ బయటికొచ్చి ఏడాదిన్నర. ఎవరూ చూడని 80,000 గంటలు ఎలా అచ్చు వేశారు? ఇది మోసం కాదా?
– పెట్టుబడుల సంస్థలో పనిచేసే ఒక పాఠకుడు

జవాబు: మోసం అనను, అంచనా అంటాను. కాకపోతే "ఇది అంచనా" అని బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో ఎవరూ రాయరు.

అంచనా ఇలా వేస్తారు. సెల్‌లోకి పంపే కరెంటును ఒకే స్థాయిలో ఉంచుతారు. దానికి ఎంత వోల్టేజీ కావాల్సి వస్తోందో రోజూ చూస్తారు. సెల్ పాతబడేకొద్దీ అదే కరెంటుకు, అంటే అంతే హైడ్రోజన్‌కు, ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఈ పెరుగుదలను 1,000 గంటలకు ఇన్ని మిల్లీవోల్టులు అని చెబుతాం. పలుచటి పాలిమర్ మెంబ్రేన్ వాడే పెమ్ రకానికి అమెరికా ఇంధన శాఖ 2022 నాటి పరిస్థితిగా 1,000 గంటలకు 4.8 మిల్లీవోల్టులు, 40,000 గంటల ఆయుష్షు అని రాసుకుంది. 2026కి పెట్టుకున్న లక్ష్యం 2.3 మిల్లీవోల్టులు, 80,000 గంటలు. మీ బ్రోషర్‌లోని అంకె ఈ చుట్టుపక్కల నుంచే వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. కొత్తలో 1.9 వోల్టుల దగ్గర నడిచే సెల్ 1,000 గంటలకు 2 మిల్లీవోల్టుల చొప్పున పెరిగితే 80,000 గంటలకు 160 మిల్లీవోల్టులు పెరుగుతుంది. అంటే 2.06 వోల్టులు. కిలో హైడ్రోజన్‌కు ఒక్కో వోల్టుకు సుమారు 26.6 యూనిట్ల కరెంటు పడుతుంది. కాబట్టి మొదట 50.5 యూనిట్లు తాగిన సెల్ చివరికి 54.8 యూనిట్లు తాగుతుంది. అప్పటికీ అది హైడ్రోజన్ ఇస్తూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఆయుష్షు అంటే సెల్ ఆగిపోయే రోజు కాదు, కరెంటు బిల్లు చూసి స్టాక్ మార్చేయడమే మేలనిపించే రోజు. చాలామంది వోల్టేజీ 10 శాతం పెరగడాన్ని హద్దుగా పెట్టుకుంటారు. అది అందరూ ఒప్పుకున్న నిబంధనేమీ కాదు. హద్దును 15 శాతానికి జరిపితే అదే సెల్ ఆయుష్షు కాగితం మీద సగం మేర పెరిగిపోతుంది!

అసలు చిక్కు కొలతలో ఉంది. 1,000 గంటలంటే దాదాపు ఆరు వారాలు. అన్ని రోజులు నడిపితే మనం పట్టుకోవాల్సిన మార్పు 2 మిల్లీవోల్టులు. సెల్ వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే చాలు, వోల్టేజీ కొన్ని మిల్లీవోల్టులు మారిపోతుంది. అంటే వేడి కొలిచే థర్మోకపుల్ చిన్నగా దారి తప్పితే ఆరు వారాల అరుగుదల అంతా అందులో కలిసిపోతుంది, లేదా లేని అరుగుదల పుట్టుకొస్తుంది. వోల్టేజీ కొలిచే వైర్లను సెల్ ప్లేటుకే తగిలించకుండా కరెంటు తెచ్చే కేబుల్ దగ్గర తగిలిస్తే ఆ కేబుల్ బిగింపు వదులవడం కూడా సెల్ ఖాతాలో పడుతుంది. దీనికి తోడు మొదటి కొన్ని వందల గంటల్లో సెల్ ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, వోల్టేజీ పడుతుంది లేదా గబగబా లేస్తుంది. గీతను 100వ గంట నుంచి గీస్తే ఒక ఆయుష్షు, 500వ గంట నుంచి గీస్తే ఇంకొక ఆయుష్షు.

కాబట్టి వాళ్లను అడగాల్సింది ఇవి: నిజంగా ఎన్ని గంటలు నడిపారు? ఎన్ని సెల్స్, ఒక్కొక్కటి ఎంత వైశాల్యం? ఏ కరెంటు దగ్గర, ఏ వేడి దగ్గర? మధ్యలో ఎన్నిసార్లు ఆపారు? గీత ఎక్కడ మొదలుపెట్టారు? ఏ వోల్టేజీ దగ్గర చచ్చినట్టు లెక్క? వైశాల్యం ప్రశ్నను మాత్రం మరిచిపోకండి. ల్యాబ్ సెల్ 25 చదరపు సెంటీమీటర్లు ఉంటే, ప్లాంటులోది 1,000 దాటుతుంది. చిన్న సెల్‌లో నీరు, ఒత్తిడి, వేడి అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. పెద్ద సెల్‌లో ఒక మూలకు నీరు సరిగా చేరకపోవచ్చు, గాస్కెట్ అంచున మెంబ్రేన్ నలగొచ్చు. పైగా స్టాక్‌లో వంద సెల్స్ వరసగా ఉంటే సగటు సెల్ ఎంతకాలం బతికిందన్నది కాదు, అన్నిటికన్నా బలహీనమైనది ఎప్పుడు పోయిందన్నదే లెక్క. వాళ్లు 5,000 గంటల గ్రాఫును, ఆగిన చోట్లన్నీ కనిపించేలా, మీ ముందు పెడితే నేనైతే ఆ 80,000 కంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను.

ప్రశ్న: మేడమ్, ప్రాజెక్టు కోసం 50 మైక్రాన్ల మెంబ్రేన్‌తో ఒక పెమ్ సెల్ నడుపుతున్నాను. 600 గంటలయ్యాయి. వోల్టేజీ పెరగాల్సింది పోయి 14 మిల్లీవోల్టులు తగ్గింది. మా గైడ్ గారు "సూపర్, పేపర్ రాసెయ్" అంటున్నారు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది.
– ఎంటెక్ విద్యార్థిని

జవాబు: టెన్షన్ పడాల్సిన విషయమే. పేపర్ కాస్త ఆపమ్మా, ముందు మెంబ్రేన్ సంగతి చూడు.

సెల్ అడిగే వోల్టేజీలో కొన్ని వాటాలు ఉంటాయి. నీటిని విడగొట్టడానికి తప్పనిసరైన 1.23 వోల్టులు ఒకటి. రెండు ఎలక్ట్రోడ్ల దగ్గర, ముఖ్యంగా ఆక్సిజన్ పుట్టే యానోడ్ దగ్గర, చర్యను ముందుకు తోయడానికి అయ్యేది ఇంకొకటి. మెంబ్రేన్ గుండా ప్రోటాన్లను దాటించడానికి, లోహపు భాగాల మధ్య నిరోధాన్ని దాటడానికి అయ్యేది మరొకటి. మెంబ్రేన్ పలచబడితే ఈ చివరి ఖర్చు తగ్గుతుంది, వోల్టేజీ దిగుతుంది. సెల్ చావుకు దగ్గరవుతూనే గ్రాఫులో రోజురోజుకూ ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఒక్కోసారి యానోడ్ పాడై వోల్టేజీ పెరుగుతుంటే, అదే సమయంలో మెంబ్రేన్ పలచబడి తగ్గిస్తుంటుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గీత నేల మీద గీసినట్టు తిన్నగా వస్తుంది. అలాంటి గీతను చూస్తే నాకు పైకి లేచే గీత కంటే ఎక్కువ అనుమానం.

మెంబ్రేన్ ఎందుకు పలచబడుతుందంటే, రెండు వైపుల వాయువులూ కొద్దికొద్దిగా దాన్ని దాటి అటూ ఇటూ పోతుంటాయి. క్యాటలిస్టుగా పూసిన ప్లాటినం దగ్గర హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసినచోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అక్కడ ఇనుప అయాన్లు గనక ఉంటే ఆ పెరాక్సైడ్ రాడికల్స్‌గా విడిపోయి పాలిమర్ గొలుసును కొరికేస్తుంది. తెగిన ముక్కల్లోని ఫ్లోరిన్ ఫ్లోరైడ్‌గా నీటిలో బయటికొస్తుంది. కాబట్టి మొదటి పని, సెల్ నుంచి బయటికొచ్చే నీటిని రెండు వైపుల నుంచీ సీసాల్లో పట్టి ఫ్లోరైడ్ కొలిపించు. గాజు సీసాలు వద్దు, ప్లాస్టిక్‌వి వాడు. రెండోది, ఇంపీడెన్స్ స్పెక్ట్రోస్కోపీలో హై ఫ్రీక్వెన్సీ నిరోధం మొదటి రోజుతో పోలిస్తే తగ్గిందా చూడు. మూడోది, కరెంటు బాగా తగ్గించి నడిపి, ఆక్సిజన్ వైపు వాయువులో హైడ్రోజన్ ఎంత శాతం ఉందో కొలువు.

నిరోధం తగ్గి, ఫ్లోరైడ్ ఆగకుండా వస్తూ, ఆక్సిజన్‌లో హైడ్రోజన్ పెరిగితే ఇక సందేహం లేదు, మెంబ్రేన్ కరుగుతోంది. నిరోధం కదలకుండా వోల్టేజీ మాత్రమే దిగితే అది ఎలక్ట్రోడ్ బాగా తడిసి కుదురుకోవడం కావొచ్చు, ఏదో మలినం కడుక్కుపోవడం కావొచ్చు. లేదా అన్నిటికన్నా మామూలు కారణం, సెల్ నువ్వు అనుకున్న దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా నడుస్తుండవచ్చు. టెస్ట్ అయ్యాక మెంబ్రేన్‌ను అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మందం కొలవాలి. పోల్చడానికి అదే రోల్ నుంచి కోసిన కొత్త ముక్క దాచావా? దాచకపోతే ఈరోజే ఒకటి కవరులో వేసి తేదీ రాసిపెట్టు.

గైడ్ గారి దగ్గరికి అనుమానంతో కాకుండా ఈ మూడు కొలతలతో వెళ్లు. మెంబ్రేన్ పలచబడుతోందని తేలినా పేపర్ ఎక్కడికీ పోదు. "600 గంటల్లో సెల్ మెరుగైంది" అనే పేపర్ కంటే అదే గట్టిగా నిలబడుతుంది.

ప్రశ్న: ఎలక్ట్రోలైజర్‌కు అంత శుద్ధమైన నీరు ఎందుకు? బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలదా?
– ఒక ఇంటర్ విద్యార్థి తండ్రి

జవాబు: డబ్బాలో ఉన్నప్పుడు చాలవచ్చు. సెల్ దగ్గరికి చేరేసరికి చాలదు. కిలో హైడ్రోజన్ రావాలంటే కనీసం 9 లీటర్ల నీరు విడిపోవాలి. నీరు వాయువుగా మారి వెళ్లిపోతుంది, అందులోని సోడియం, కాల్షియం, ఇనుము మాత్రం వెనకే ఉండిపోతాయి. గంటగంటకూ అవి పోగుపడతాయి. పెమ్ మెంబ్రేన్‌లో ప్రోటాన్లు ఆగి దాటే చోట్లలో ఈ లోహ అయాన్లు తిష్ఠ వేస్తాయి, ఓ పట్టాన కదలవు. వోల్టేజీ పెరుగుతుంది. ఇనుమైతే ఇందాక చెప్పిన రాడికల్స్ పనికి కూడా తోడవుతుంది. అందుకే మా బెంచ్‌లో నీటి నిరోధకత 18 మెగా ఓమ్ సెంటీమీటర్ల దగ్గర ఉండాలని చూస్తాం. నీరు తిరిగే దారిలోనే అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ పెడతాం. బయటి నుంచి వచ్చే నీరే శత్రువు అనుకోకండి. ఎవరో చూసుకోకుండా బిగించిన ఒక్క మామూలు స్టీలు ఫిట్టింగ్ చాలు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆక్సిజన్ తయారుచేసేది కూడా ఇలాంటి మెంబ్రేన్ ఎలక్ట్రోలైజరే. 2010లో సెల్ వోల్టేజీ హద్దు దాటడంతో అది ఆగిపోయింది. వెతికితే లోపల తిరిగే నీరు ఆమ్లంగా మారి లోహ భాగాలను తింటోందని, ఆ లోహ అయాన్లు మెంబ్రేన్‌లో చేరాయని తేలింది. తర్వాత ఆ నీటి దారిలో అయాన్లను పట్టే బెడ్ ఒకటి చేర్చారు. వ్యోమగాముల ఊపిరికి సంబంధించిన యంత్రానికే ఈ బాధ తప్పలేదు.

ప్రశ్న: ఎలక్ట్రోలైజర్లు వందేళ్లుగా ఎరువుల ఫ్యాక్టరీల్లో నడిచాయని మీరే రాశారు. మరి వాటి మన్నిక గురించి ఇప్పుడు కొత్తగా ఈ పరీక్షలన్నీ దేనికి? సోలార్‌కు కలిపితే ఏమవుతుంది?
– రిటైర్డ్ కెమికల్ ఇంజనీర్

జవాబు: మీ ప్రశ్నలోని రెండో సగమే మొదటి సగానికి జవాబు. నార్వేలోని ర్యూకాన్‌లో 1920ల చివర నుంచి దశాబ్దాల పాటు పెద్ద ఎత్తున ఆల్కలైన్, అంటే క్షార ద్రావణం వాడే, ఎలక్ట్రోలైజర్లు నడిచాయి. వాటి వెనక ఉన్నది జలపాతం. రాత్రీ పగలూ ఒకే తీరుగా కరెంటు. ఆల్కలైన్ స్టాక్‌లకు 60,000 నుంచి 90,000 గంటలు అని చెప్పుకునే పేరు ఎక్కువగా అలా నిలకడగా నడిపిన అనుభవం మీద నిలబడిందే. మబ్బు పడితే పడిపోయే, సాయంత్రం ఆగిపోయే కరెంటుతో నడిపితే అవే అంకెలు వస్తాయని ఆ అనుభవం చెప్పదు.

నడిచేటప్పటికంటే ఆగేటప్పుడే ఎక్కువ కథ జరుగుతుంది. ఆల్కలైన్ స్టాక్‌లో కరెంటు ఆపగానే ఎలక్ట్రోడ్ల మీద మిగిలిన వాయువులు, నిలిచిన చార్జ్ కలిసి స్టాక్‌ను కాసేపు బ్యాటరీలా చేస్తాయి. అన్ని సెల్స్‌కీ ఉమ్మడిగా ఉన్న క్షార ద్రావణపు దారుల గుండా కరెంటు వెనక్కి ప్రవహిస్తుంది. హైడ్రోజన్ ఇవ్వడానికే చేసిన కాథోడ్ అప్పుడు ఆక్సీకరణకు లోనవుతుంది. రోజుకొకసారి ఇలా జరిగితే దాని మీది నికెల్ పూత ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే కొందరు ఆపినప్పుడు కూడా సన్నగా రక్షణ కరెంటు పంపుతూ ఉంటారు.

పెమ్ రకంలో ఇంకో తీరు. ఆపాక హైడ్రోజన్ మెంబ్రేన్ దాటి యానోడ్ వైపు చేరుతుంది. అక్కడ క్యాటలిస్టుగా ఉన్న ఐరిడియం ఆక్సైడ్ ఉపరితలం లోహంగా మారుతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి ఆక్సైడ్ అవుతుంది. ఈ అటూ ఇటూ మారడంలో కొంచెం కొంచెం ఐరిడియం కరిగిపోతుంది. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఏడెనిమిది టన్నులు మాత్రమే దొరికే లోహం అది. అలా కరిగి పోవడం ఎవరికి ఇష్టం?

అయితే ఆపడం ఎప్పుడూ చెడ్డదే అని తేల్చేయకండి. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రం వాళ్లు 2017లో ప్రచురించిన ఒక పోలికలో, చదరపు సెంటీమీటరుకు 2 ఆంపియర్ల దగ్గర ఆగకుండా నడిపిన సెల్ అన్నిటికన్నా ఎక్కువగా పాడైంది. అదే కరెంటు వరకు తీసుకెళ్లి మధ్యమధ్యలో తగ్గిస్తూ, ఆపుతూ నడిపినవి అంతకంటే నయంగా ఉన్నాయి. ఎంత తరచుగా ఆపారు, ఎంతసేపు ఆపారు, సెల్‌లో ఐరిడియం ఎంత ఉంది, టైటానియం భాగాలకు పూత ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులవుతుంది. అందుకే ఈ పరీక్షలన్నీ.

తక్కువ కరెంటు దగ్గర ఇంకో ఇబ్బంది. ఇది గ్రాఫుల్లో కనపడక చాలామంది పట్టించుకోరు. హైడ్రోజన్ మెంబ్రేన్ దాటి ఆక్సిజన్ వైపు పోయే వేగం కరెంటు తగ్గించినంత మాత్రాన పెద్దగా తగ్గదు. ఆక్సిజన్ పుట్టడం మాత్రం తగ్గుతుంది. కాబట్టి ఆక్సిజన్‌లో హైడ్రోజన్ శాతం పెరుగుతుంది. 4 శాతం దగ్గర అది మండే మిశ్రమం. సాధారణంగా 2 శాతం దగ్గరే అలారం పెడతారు. మెంబ్రేన్ పలచబడిన పాత సెల్‌లో ఈ హద్దు ముందుగానే వచ్చేస్తుంది. అంటే కొత్తలో 10 శాతం లోడ్ దాకా దిగగలిగిన యంత్రాన్ని పాతబడ్డాక 25 శాతం కిందికి దింపలేకపోవచ్చు. వోల్టేజీ బాగానే ఉన్నా పొద్దున, సాయంత్రం పూట ఎండ చేతికి అందకుండా పోతుంది. మన్నిక నివేదికల్లో ఈ కనీస లోడ్ ఎలా మారిందో కూడా రాయాలని నేను వాదిస్తుంటాను. రాసేవాళ్లు తక్కువ.

ప్రశ్న: తొమ్మిదేళ్లు ఎదురుచూడలేం కదా. సెల్‌ను బాగా వేడి చేసి, ఎక్కువ కరెంటు పంపి, నెలలో తేల్చేయలేమా?
– స్టార్టప్‌లో పనిచేసే పాఠకురాలు

జవాబు: కోడిగుడ్డు పొదగడానికి మూడు వారాలు పడుతోందని నీళ్లలో వేసి ఉడకబెడితే పిల్ల రాదు.

వేగం పెంచే పరీక్షలు ఉన్నాయి, మేమూ చేస్తాం. వాటికి ఒకటే షరతు: నిజ జీవితంలో ఏ కారణంతో సెల్ పాడవుతుందో అదే కారణం వేగంగా జరగాలి, కొత్త కారణం పుట్టకూడదు. 80 డిగ్రీల దగ్గర నడవాల్సిన మెంబ్రేన్‌ను మరీ వేడెక్కిస్తే అది మెత్తబడి, బిగింపు ఒత్తిడికి నలిగి, పక్కకు జారుతుంది. అలా పోయిన సెల్ మీకు చెప్పేది ఆ వేడి గురించే, తొమ్మిదేళ్ల వాడకం గురించి కాదు. అన్నీ ఒకేసారి పెంచితే ఏది దేనివల్ల పోయిందో కూడా తెలియదు.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ఐరిడియం కరగడాన్ని చూడాలంటే పరిస్థితులను కఠినం చేయడం కంటే ఐరిడియంనే తగ్గించండి. చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పూసిన యానోడ్‌లో కొంత కరిగినా వోల్టేజీలో తెలియదు, మిగిలింది పని లాక్కొస్తుంది. 0.1 మిల్లీగ్రాము పూసి వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ నడిపితే నష్టం కొన్ని వందల గంటల్లోనే బయటపడుతుంది. రెండు రకాల క్యాటలిస్టుల్లో ఏది మేలో తేల్చుకోవడానికి అది చాలు. "కాబట్టి మా స్టాక్ ఇన్నేళ్లు" అనడానికి మాత్రం చాలదు. ఒక్కో ల్యాబ్ ఒక్కో రకంగా హింసిస్తే పోల్చడం కుదరదని యూరోపియన్ కమిషన్ వారి ఉమ్మడి పరిశోధన కేంద్రం టెస్టింగ్ పద్ధతులను ఒక తీరుకు తెచ్చే పత్రాలు ప్రచురించింది. అమెరికాలో జాతీయ ల్యాబ్‌లు కలిసి నడుపుతున్న హెచ్2న్యూ అనే బృందం కూడా పనిచేస్తోంది. సొంతంగా ఏదో కనిపెట్టే ముందు వాటిని చదవండి. మీ కొద్దిపాటి సెల్స్‌లో ఒకటి రెండింటిని మామూలు పరిస్థితుల్లో, తొందర పెట్టకుండా, పక్కన నడవనివ్వండి. వేగంగా పాడైన సెల్‌ను, నెమ్మదిగా పాడైన సెల్‌ను రెండింటినీ కోసి చూసినప్పుడు లోపల ఒకే రకం గాయం కనిపిస్తే మీ వేగపు పరీక్షకు అప్పుడు విలువ వచ్చినట్టు.

ప్రశ్న: ఆవిరితో నడిచే రకం అన్నిటికన్నా తక్కువ కరెంటు తింటుందట కదా. అది ఎన్నాళ్లు ఉంటుంది?
– బీటెక్ విద్యార్థి

జవాబు: తినేది తక్కువే, ఎందుకంటే కావాల్సిన శక్తిలో కొంత వేడి రూపంలో అందుతుంది. కానీ 700 నుంచి 850 డిగ్రీల దగ్గర సిరామిక్, లోహం, గాజు సీల్ ఏళ్ల తరబడి కలిసి కాపురం చేయాలి. కాథోడ్‌లోని నికెల్ ఉన్నచోట ఉండక జరిగిపోతుంది. స్టీలు భాగాల నుంచి క్రోమియం ఆవిరై అటువైపు ఎలక్ట్రోడ్‌ను పాడుచేస్తుంది. యూలిష్‌లోనే 2007లో మొదలుపెట్టిన ఇలాంటి సిరామిక్ రకం (ఘన ఆక్సైడ్) స్టాక్ ఒకటి పదేళ్లకు పైగా నడిచింది. ఆ వార్తను చాలామంది ఎలక్ట్రోలైజర్ల ఖాతాలో రాస్తుంటారు. అది ఫ్యూయల్ సెల్‌గా, అంటే కరెంటు ఇచ్చే దిశలో నడిచింది. దిశ తిప్పితే నికెల్ ప్రవర్తన వేరు.

ప్రశ్న: 1,000 గంటల టెస్టులో 700వ గంట దగ్గర అర్ధరాత్రి కరెంటు పోయింది. నేనే డ్యూటీలో ఉన్నాను. నాలుగు గంటల తర్వాత స్టార్ట్ చేస్తే వోల్టేజీ మునుపటికంటే 12 మిల్లీవోల్టులు తక్కువ చూపించింది. మా సూపర్‌వైజర్ ఆ నాలుగు గంటలు తీసేసి గీత కలిపేయమంటున్నారు. కలిపేయొచ్చా మేడమ్?
– టెస్ట్ ల్యాబ్ టెక్నీషియన్

జవాబు: వద్దు. రూలు కోసం మాత్రమే అనడం లేదు, ఆ 12 మిల్లీవోల్టులు మీ టెస్టులో ఇప్పటిదాకా దొరికిన మంచి సమాచారం.

సెల్ వోల్టేజీ పెరుగుదలలో కొంత తిరిగి వచ్చేది, కొంత రానిది ఉంటాయి. ఎలక్ట్రోడ్‌లో చిక్కుకున్న బుడగలు, క్యాటలిస్ట్ ఉపరితలపు ఆక్సీకరణ స్థితి లాంటివి ఆపితే సర్దుకుంటాయి. కరిగిపోయిన ఐరిడియం, టైటానియం మీద మందమైన ఆక్సైడ్ సర్దుకోవు. ఆపకుండా నడిపితే ఈ రెండూ కలిసే కనిపిస్తాయి. మీకు అనుకోకుండా విడిగా దొరికాయి. ఇప్పుడు వోల్టేజీ మళ్లీ ఎన్ని గంటల్లో పాత చోటికి చేరుతుందో చూడండి. రెండు మూడు రోజుల్లో చేరితే ఆ 12 మిల్లీవోల్టుల్లో చాలావరకు తిరిగి వచ్చే రకమే అన్నమాట. అప్పుడు మీరు 700 గంటలకు కట్టిన అరుగుదల రేటు అసలు కంటే ఎక్కువ చూపిస్తోంది. గీత కలిపేస్తే ఇదంతా పోతుంది, పైగా అతుకు దగ్గర మెట్టు చూసి అనుభవం ఉన్నవాళ్లు ఎలాగూ పట్టేస్తారు.

గ్రాఫు మీద ఆగిన చోట ఖాళీ వదలండి. ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, సెల్ ఎంత చల్లబడింది, నైట్రోజన్ పంపారా లేదా, నీరు తిరుగుతూనే ఉందా ఆగిందా, అన్నీ లాగ్ బుక్‌లో రాయండి. పోలరైజేషన్ కర్వ్ (కరెంటు మారేకొద్దీ వోల్టేజీ ఎలా మారుతుందో చూపే గీత) ఇప్పుడు ఒకటి, 1,000వ గంటకు ఒకటి, ఒకే వేడి దగ్గర తీయండి. రిపోర్టులో రెండు రేట్లు ఇవ్వండి, ఆగకముందు ఒకటి, ఆగాక ఒకటి. సూపర్‌వైజర్ గారికి ఇది అదనపు పనిలా అనిపించవచ్చు. క్లయింటు "మధ్యలో ఆగిందా?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే కాబట్టి ఆ కోణంలో చెప్పి చూడండి.

ఇంకో మాట. మా బెంచ్‌ల దగ్గర రాత్రి అలారాల్లో సెల్ వల్ల మోగేవి తక్కువ. పంపు, సెన్సర్, నిండిపోయిన రెజిన్ కార్ట్రిడ్జ్, కరెంటు, ఇవే ఎక్కువ. మీ యూపీఎస్ మీద కంట్రోల్ కంప్యూటర్ ఒక్కటే ఉంటే హైడ్రోజన్ సెన్సర్లను, నైట్రోజన్ వాల్వును కూడా దాని మీదికి మార్పించండి. నీరు తిప్పే చిన్న పంపుకు కూడా లోడ్ సరిపోతుందేమో అడగండి.